కొడవలి ముక్కు పిట్ట కాలి కడియం

ఎల్లారావు కాలు ఆగదు. కంచరపాలెంలో అతని గురించి ఎవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు. బెంచీ మీద కూర్చుంటే బెంచీ ఊగుతుంది. మంచం మీద కూర్చుంటే మంచం కిర్రుకిర్రుమంటుంది. పక్కన భోజనానికి కూర్చున్నవాడి గ్లాసులో నీళ్లు కదులుతాయి. పద్మనాభం అనే ఊరి దగ్గర వరిమళ్లలో పుట్టి, పన్నెండో ఏట ఊడ్పుల మధ్యలోనే గట్టెక్కి పారిపోయిన మనిషి. లారీ మీద క్లీనరుగా ఆరు నెలలు, సోడా కొట్టులో మూడు నెలలు, రైల్వే యార్డులో బొగ్గు దింపుతూ ఒక ఏడాది, నాటకాల కంపెనీలో తెర లాగుతూ పదిహేను రోజులు పనిచేశాడు. ఎక్కడా చెప్పి మానలేదు. అలాంటివాణ్ని ఎవరో పుణ్యాత్ముడు తీసుకెళ్లి రేవు కొండ మీద సిగ్నల్ స్టేషన్‌లో పెట్టించాడు. అక్కడ ఎనిమిది గంటలు సముద్రం కేసి చూస్తూ కూర్చోవడమే ఉద్యోగం.

వారం రోజులు కూడా ఉండడన్నారు అందరూ. ఉండిపోయాడు. జీతానికి కాదు, ఒక ప్రశ్న కోసం. దూరాన ఓడ కనిపించగానే దుర్భిణిలో దాని జెండాలు చూసి, పెద్ద దీపాన్ని మిణుకుమిణుకుమనిపించి అడగాలి. ఏ ఓడ? ఎక్కడి నుంచి? ఎక్కడికి? ఎంతటి ఓడైనా తన దీపంతో జవాబు చెప్పి తీరాలి. ఒకటి ఒసాకా అనేది, ఒకటి ఒడెస్సా అనేది, ఇంకోటి పేరు పలకడానికి కూడా రాని ఊరేదో చెప్పేది. రాజమండ్రి దాటి ఎరగని ఎల్లారావు ముందు లోకమంతా వచ్చి ఊరి పేరు చెప్పుకుని వెళ్లేది. మూడో ప్రశ్న మీద మాత్రం అతనికి ధ్యాస ఉండేది కాదు. ఎక్కడికి పోతే మనకేం? ఇంటికొచ్చి ఆ ఊళ్ల పేర్లన్నీ భార్యకు అప్పజెప్పేవాడు. సన్యాసమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ, "అయన్నీ వొచ్చినాయి సరే మావా, కందిపప్పు వొచ్చిందేటి?" అనేది.

డెబ్బై ఎనిమిది చలికాలంలో, అడిగినా జవాబు చెప్పనిదొకటి తగిలింది. రేవుకు పడమట ఉప్పుటేరు పాయ చుట్టూ మైలు పొడుగున బురదనేల ఉండేది. పోటు తీయగానే గుల్లలు ఏరే ఆడవాళ్లు అందులోకి దిగేవారు. వాళ్లకు కాస్త ఎడంగా ఎక్కడెక్కడి పిట్టలో దిగేవి. ఓడలు లేని పొద్దుల్లో ఎల్లారావు దుర్భిణిని అటు తిప్పేవాడు. ఆ పిట్టల్లో కోడిపెట్టంత గోధుమరంగుది ఒకటి. దాని ముక్కు జానెడు, చివరికంటా కిందికి వంగి ఉంటుంది. పేరు తెలియక కొడవలి ముక్కు అని తనే పెట్టుకున్నాడు. ఒక ఉదయం అది బురదలోంచి కాలు తీస్తే, ఆ కాలి మీద ఏదో తళుక్కుమంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. కడియం. సన్నటి తెల్ల కడియం.

ఆ సాయంత్రమే సైకిలు వేసుకుని సీతమ్మధార పోయాడు. అచ్యుతరామయ్య అని, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన గోదావరి జిల్లా పెద్దమనిషి అక్కడ ఉండేవాడు. పిట్టల మీద మోజుతో అప్పుడప్పుడు సిగ్నల్ కొండ ఎక్కి వస్తుండేవాడు.

"మాస్టారూ, పిట్టకి కడియం ఎవులు తొడిగీసినారండీ?"

"తొడిగేవాళ్లు ఉన్నారు నాయనా. పిట్టల్ని పట్టి, నంబరు వేసిన కడియం కాలికి పెట్టి వదిలేస్తారు. ఆ నంబరు తెలిస్తే బొంబాయిలో పిట్టల లెక్కలు రాసేవాళ్లు చెప్పగలరు, ఏ దేశంలో తొడిగారో, ఏ ఏడు తొడిగారో." అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే నువ్వు చూసింది కడియమో, వల దారం చుట్టుకుందో! కంటితో చూశానంటే వాళ్లు ఒప్పుకోరు. నంబరు కనపడేట్టు ఫోటో ఉండాలి."

ఎల్లారావు అరుగు మీద కాలు ఊపుతూ కాసేపు కూర్చున్నాడు. "అయితే అదీ ఓడనాగే గదండీ. అడిగితే సెప్పాల."

అంతే, పట్టుకుంది. ఒక రష్యా ఓడ నావికుడి దగ్గర జెనిట్ కెమెరా ఉందని తెలిసి, పెళ్లికి మామగారు పెట్టిన చేతిగడియారం ఇచ్చి దాన్ని తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి దారిన పోయేవాళ్లను ఆపి టైమెంతని అడగడమే. పాత ఓడ సామాన్లు అమ్మే కొట్లో ఒక ఇత్తడి దుర్భిణి సంపాదించాడు. కెమెరా కన్ను దుర్భిణి వెనక్కి ఆనించి, రెండింటికీ సైకిలు ట్యూబు ముక్క తొడిగి బిగించాడు. లోపలికి వెలుతురు జొరబడకుండా సన్యాసమ్మ నల్ల రవికె గుడ్డ చుట్టాడు. సిద్ధమైన ఆ యంత్రాన్ని చూసి సన్యాసమ్మ, "ఓలమ్మో! ఇదేటి, పిట్టని కొడతావా, ఫోటో తీత్తావా?" అంది.

బురద గట్టు మీద బోర్లా పడుకుని, ఇసుక మూట మీద దుర్భిణి ఆనించి తీయడం. చెబితే ఇంతే, చేస్తేగాని తెలియదు. అంత దూరాన్ని దగ్గరికి లాగే అద్దం మనిషి వణుకును కూడా అంతకంత పెద్దది చేస్తుంది. అందులోనూ ఎల్లారావు వణుకు. చెయ్యి తగలకుండా కెమెరాకు ఉన్న ఆలస్యపు మీట నొక్కితే, అది పది సెకన్లు జుయ్యిమని తిరిగి అప్పుడు టప్పుమంటుంది. ఆ పది సెకన్లలో పిట్ట నాలుగడుగులు వేస్తుంది, లేదా గుల్లలేరే చిట్టెమ్మ అటుగా వస్తుంది, పిట్ట లేచిపోతుంది. ఏదీ లేకపోతే ఎల్లారావు కాలు ఊగుతుంది. రెండు చలికాలాల్లో పదకొండు రీళ్లు తీశాడు. ఒక్కదాంట్లో పిట్టకు ముక్కు ఉన్నట్టు తెలిసింది.

ఆ రీళ్లన్నీ కడిగింది భీమశంకరరావు. రైలు గేటు దగ్గర స్టూడియో అతనిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొత్తల్లో ఊళ్లో మగాళ్లంతా బావా, బావా అని పిలుస్తుంటే, వీళ్లందరికీ తన చెల్లెళ్లను ఎప్పుడిచ్చి చేశానా అని కంగారుపడ్డ మనిషి. తరవాత తనూ అలవాటుపడ్డాడు. చెయ్యి మంచిది. అతని స్టూడియోలో ఫోటో తీయించుకుంటే మశూచి మచ్చలు పోతాయి, ఎత్తుపళ్లు లోపలికి పోతాయి, దిగులు మొహాలకు కళ వస్తుంది. ముందు పోస్టుకార్డంత ప్రూఫు తీసి, బాగుచెయ్యాల్సిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి చూపించేవాడు. "ఇవన్నీ తీసేస్తానండీ," అనేవాడు. ఆ తరవాత భూతద్దం కింద నెగటివు పెట్టుకుని, పెన్సిలు మొనతోనూ బ్లేడు మొనతోనూ గంటలు గంటలు కూర్చునేవాడు. ఎల్లారావు పెళ్లి ఫోటో కూడా అతను తీసిందే. చిన్నప్పుడు కోతల్లో తగిలిన కొడవలి గాటు ఒకటి సన్యాసమ్మ గెడ్డం మీద ఉంది. ఫోటోలో లేదు. గోడ మీద ఆ పటం చూసినప్పుడల్లా, "ఆ పిల్లెవులో గాని నాను కాదు," అనేది సన్యాసమ్మ.

కడియం సంగతి మాత్రం ఎల్లారావు స్టూడియోలో చెప్పలేదు. చదువుకున్న మాస్టారే సగం నమ్మాడు. భీమశంకరరావుకు చెబితే, ఫోటో రాకముందే కంచరపాలెమంతా కలిసి ఆ పిట్టకు పట్టీలూ వడ్డాణమూ కూడా తొడుగుతుంది. పిట్టంటే సరదా అన్నాడు, ఊరుకున్నాడు. చేసిన తప్పు అదే.

ఎనభై ఫిబ్రవరిలో సూర్యగ్రహణం వచ్చింది. అలాంటి గ్రహణం మళ్లీ మన జన్మలో రాదన్నారు, బయట తిరిగితే కళ్లు పోతాయన్నారు. శనివారం మధ్యాహ్నానికి ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. బస్సుల్లో మనుషుల్లేరు, కొట్లు మూసేశారు. సన్యాసమ్మ పచ్చడి జాడీల మీద దర్భలు వేసి వచ్చేసరికి మొగుడు సైకిలుకు దుర్భిణి కడుతున్నాడు.

"గెరనం పూట బయటికెల్తన్నావేటి? మతుండే సేత్తన్నావా?"

"ఒలే, ఈయేళ బురదలోకి ఒక్కరూ రారు. గుల్లలోళ్లు లేరు, ఎవులూ లేరు. పిట్ట గట్టుదాకా వొచ్చీద్ది. నాను సూర్యుణ్ని సూడను, ఒట్టు. పిట్టనే సూత్తాను."

నిజంగానే వచ్చింది. బురదంతా దానిదే అయిన ఆ మధ్యాహ్నం, కొడవలి ముక్కు గుచ్చుకుంటూ గుచ్చుకుంటూ గట్టుకు ముప్పై అడుగుల దాకా వచ్చేసింది. ఎల్లారావు కాలు ఊగుతోంది. తిట్టుకున్నాడు, గిల్లుకున్నాడు, లాభం లేకపోయింది. చివరికి పక్కకు దొర్లి కుడికాలిని మోకాలి లోతున బురదలో దింపేశాడు. బురద గట్టిగా పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ కాలు ఆగడం అదే మొదలు.

ఇంతలో వెలుగు పలచబడింది. ఎండ ఎండలాగే ఉంది గాని అందులో వేడి లేదు. కాకులు అరుచుకుంటూ కొండకేసి పోతున్నాయి. కొడవలి ముక్కు ముక్కు ఎత్తి ఆకాశం చూసింది. పొద్దు వాలిందనుకుంది కాబోలు, ఒక కాలు మడిచి పొట్టలోకి లాక్కుని, ఒంటికాలి మీద నిద్రకు నిలబడింది. నిలబడ్డది కడియం ఉన్న కాలి మీద! ఎల్లారావు మీట నొక్కాడు. జుయ్యి... పది సెకన్లు. పిట్ట కదల్లేదు. టప్పు. మళ్లీ నొక్కాడు. మూడు తీశాడు. నాలుగోసారికి చూపు ఆనలేదు. అతను అక్కడే బురదలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పైన గ్రహణం పట్టిందో విడిచిందో కూడా చూడలేదు.

రీలు ఇచ్చి, "బావా, ఈసారి వొచ్చింది," అన్నాడు.

వచ్చింది. మూడింట్లో ఒకటి, రీలు చట్రం నిండా పిట్ట, ఈకకు ఈక లెక్కపెట్టొచ్చు. రెండేళ్లుగా మసక రీళ్లు కడిగి కడిగి విసిగిన భీమశంకరరావు, ఆ ఒక్క నెగటివు చూసి పెళ్లి ఆర్డర్లు పక్కన పడేశాడు. మామూలుగా అయితే ప్రూఫు చూపించి అడిగేవాడే. ఇది స్నేహితుడి పని, చెప్పకుండా చేసి ఆశ్చర్యపెట్టాలనుకున్నాడు. నాలుగో రోజు ఎల్లారావు వెళ్లేసరికి గోడకు ఆనించి రెండడుగుల పటం, దానికి చెక్క ఫ్రేము.

"చూశావా బావా! మీ పిట్టను పెళ్లికూతుర్ని చేశాను. అంతా బాగానే ఉంది గానీ కాలి మీద ఏదో తెల్ల మచ్చ పడింది. దాన్ని నెగటివు మీదే బ్లేడుతో గీకి గీకి, ఒక పూటంతా పట్టింది తెలుసా? ఇప్పుడు చూడు, ఎక్కడైనా కనిపిస్తోందా?"

కనిపించడం లేదు. నున్నటి కాలు. ఎల్లారావు పటానికి ముక్కు ఆనించి చూశాడు, వేలితో తడిమాడు.

"అది మచ్చ కాదురా. కడియం. దాని ఊరు పేరురా అది! గీకీసినావా?"

"కడియమా? పిట్టకు కడియం ఏంటి, నువ్వెప్పుడైనా చెప్పావా?"

"నీ సెయ్యి పడిపోనూ! లోకంలో మచ్చలన్నీ నువ్వే తీసీయాలేటి? నీకెవులు సెప్పినారు?" ఇంకా చాలా అన్నాడు. ఇక్కడ రాయదగ్గవి కావు. పటాన్ని అక్కడే పడేసి సైకిలెక్కాడు. వెనక నుంచి భీమశంకరరావు గుమ్మంలోకి వచ్చి, "ఆగవయ్యా, ఒక్క నిమిషం ఆగు, ఇది చూడు," అని కేకేస్తూనే ఉన్నాడు. ఆగి వినే ఓపిక ఎల్లారావుకు ఎప్పుడుంది గనక! అప్పటికే రైలు గేటు దాటేశాడు.

ఆ తరవాత రోజూ గట్టు మీదికి వెళ్లాడు. గుల్లలేరేవాళ్లు మళ్లీ దిగారు, పిట్ట దూరదూరంగానే మేసింది. మార్చి చివర ఒక తెల్లవారుజామున చూస్తే పిట్ట లేదు. ఏప్రిల్లో బురద మీదికి లావుపాటి ఇనప గొట్టాలు వచ్చాయి. రేవు పని పెరిగింది, ఓడల దారి లోతు చేయగా వచ్చిన ఇసుక పోయడానికి చోటు కావాలి. గొట్టం మూతి నుంచి ఇసుకా నీళ్లూ కలిసి పగలంతా దుమికేవి. ఎల్లారావు కొండ మీది నుంచి దుర్భిణిలో చూశాడు. వానలు పడేసరికి మైలు పొడుగు బురద మైలు పొడుగు ఇసుక తిన్నె అయింది. చిట్టెమ్మా వాళ్లు కూలిపనులకు పోయారు.

శ్రావణంలో ఒకరోజు సన్యాసమ్మ అన్నం వడ్డిస్తూ ఉలిక్కిపడింది. గ్లాసులో నీళ్లు కదలడం లేదు. వంగి చూసింది. మొగుడి కాలు నేల మీద ఆని ఉంది. మర్నాడూ అంతే. పన్నెండేళ్లుగా కాలు ఊపొద్దని తిట్టిన మనిషికి అప్పుడు భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా కొంగు బిగించి స్టూడియోకు వెళ్లింది.

"అన్నా, నా మొగుడు కాలు ఊపడం మానీసినాడు. నాకు బయమేత్తంది. ఆ ఫోటో మళ్లీ బాగు సెయ్యలేవా?"

భీమశంకరరావూ ఆరు నెలలుగా లోలోపల ఉడుకుతూనే ఉన్నాడు. అన్ని మాటలన్నవాడు వాడే రావాలని పంతం పట్టాడు. లేచి బీరువా మీది రేకుపెట్టె దించాడు. అందులో ఊరందరి ప్రూఫులూ ఉన్నాయి, ఎర్ర సున్నాలతో. అడుగు నుంచి ఒకటి తీసి సన్యాసమ్మ చేతిలో పెట్టాడు. "పెళ్లినాటిదమ్మా," అన్నాడు. ఫోటోలో సన్యాసమ్మ గెడ్డం మీద గాటు ఉంది, గాటు చుట్టూ ఎర్ర సున్నా ఉంది. "ఇదీ, ఇది నాను," అంది ఆమె.

పై నుంచి రెండోది తీశాడు. ఒంటికాలి మీద పిట్ట. కాలి మీద తెల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్ర సున్నా. "ఇదుందనే ఆ రోజు వాణ్ని ఆగమన్నాను. గీకకముందు తీసింది. నా మాట వినకుండా పోయాడు. నేను మాత్రం వెళ్లి ఇచ్చి ఉండొచ్చు. వెళ్లలేదు. నాదీ తప్పే తల్లీ!"

ఆ సాయంత్రం సీతమ్మధార అరుగు మీద నలుగురూ ఆ కార్డు మీదికి వంగారు. మాస్టారి భూతద్దం కింద చుక్క కడియమైంది. కడియం మీద గీతలు అంకెలయ్యాయి. ఇటువైపు సగమే, నాలుగంకెలు. అచ్యుతరామయ్య వాటిని రాసుకుని, "క్షమించు ఎల్లారావూ, నిన్ను వల దారం అన్నాను," అన్నాడు. ఎల్లారావు భీమశంకరరావు వైపు చూడకుండానే, "బావా, టైమెంతయింది?" అని అడిగాడు. వాళ్లిద్దరి మధ్యా రాజీ అంతకుమించి లేదు. అరుగు అంచున మొగుడి కాలు సన్నగా ఊగుతోందని సన్యాసమ్మ మాత్రం గమనించింది.

కార్తీకంలో బొంబాయి నుంచి జవాబు వచ్చింది. ఆ నాలుగంకెలూ ఉన్న కడియాలు కొన్నే ఉన్నాయట, వాటిలో ఈ జాతి పిట్టకు తొడిగింది ఒక్కటేనట. మాస్టారు తెలుగులోకి మార్చి చదివాడు. రష్యాలో సైబీరియా గడ్డిమైదానం. డెబ్బై ఒకటో సంవత్సరం, జూను. అప్పటికి అది గూట్లో పిల్ల.

"కెమెరాదీ దానిదీ ఒక్కటే దేశమన్నమాట!" అని భీమశంకరరావు నవ్వాడు. ఎల్లారావు నవ్వలేదు. చివరి నాలుగు వరుసలు మళ్లీ చదవమన్నాడు. ఈ పిట్టలు తిరుగుబోతులు కావు, ఏటేటా అదే చోటికి వచ్చి చలికాలం గడుపుతాయి, తొమ్మిదేళ్లుగా అది మీ బురదకే వస్తూ ఉండాలి, ఈ ఏడు కూడా వచ్చిందేమో దయచేసి చూసి రాయండి, అని ఉంది.

తనలాగే అది కూడా ఎక్కడా నిలవని జీవి అనుకున్నాడు ఇన్నాళ్లూ. అది పుట్టిన చోటొకటి, ఈ బురదొకటి, రెండే రెండు ఊళ్లు ఎరుగును. ఫిబ్రవరిలోనే ఆగి ఆ కార్డు తీసుకుని ఉంటే, ఈ ఉత్తరం గొట్టాలకంటే ముందు వచ్చి ఉంటే! "వచ్చినా ఇసుక ఆగేది కాదు నాయనా," అన్నాడు మాస్టారు. కావచ్చు. అయినా ఆ మాటతో ఎల్లారావుకు ఒక్క రాత్రి కూడా నిద్రపట్టలేదు.

మరుసటి వారం పగటి డ్యూటీలో ఉండగా వచ్చింది. పడమటి నుంచి ఒంటరిగా, సన్నటి దీర్ఘమైన కూత పెట్టుకుంటూ. ఎల్లారావు దుర్భిణి తిప్పాడు. పిట్ట ఇసుక మీద చుట్టు తిరిగింది. కాళ్లు చాచి దిగబోయి, దిగలేక, మళ్లీ లేచింది. చాచిన కాలి మీద కడియం తళుక్కుమంది. రెండోసారి తిరిగింది, మూడోసారి తిరిగింది. కెమెరా పక్కనే ఉంది, ముట్టుకోలేదు. అతని వెనక సముద్రం మీద ఏదో ఓడ వచ్చి, ఎవరూ అడగకముందే దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ నిలబడింది.

కాలు ఊపుకుంటూ ఎల్లారావు పిట్టనే చూశాడు. ఏ పిట్టో తెలిసింది. ఎక్కడి నుంచో తెలిసింది. మూడో ప్రశ్న అడగడానికి అతనికి నోరు రాలేదు.